నవాబు లేని జల్సా

మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉండేది. దాని డబ్బా ఎప్పుడో విరిగిపోయింది. క్యాసెట్ మీద ఎవరో బాల్‌పెన్నుతో ఉర్దూలో ‘మిజాహియా ముషాయిరా, హైదరాబాద్’ అని రాశారు. ఇషా నమాజ్ అయ్యాక, భవానీపురంలో మా రెండు గదుల ఇంట్లో, మామూజాన్ కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డర్‌లో అది మోగేది. షాయిర్ ఒక మిస్రా చదివేవాడు, వేల మంది నవ్వేవారు. ఆ నవ్వు ఆగేలోపు మా ఇంట్లో నవ్వు మొదలయ్యేది. అమ్మీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అబ్బా మాత్రం నవ్వకుండా మీసం సర్దుకునేవారు. ఆయన నవ్వుతున్నారని అందరికీ తెలిసేది.

ఆ షాయిర్లు మా ఇంట్లో మాట్లాడే జబాన్‌లోనే చదివేవాళ్లు. ‘నక్కో’ అనేవాళ్లు, ‘హౌ’ అనేవాళ్లు, ‘కైకూ’ అనేవాళ్లు. ‘బాతే’ అనకుండా మాలాగే ‘బాతాఁ’ అనేవాళ్లు.

పొద్దున్నే బడికి వెళ్తే కథ మారిపోయేది. నేను చదివింది ఉర్దూ మీడియం. మా ఉస్తాద్‌గారొకరు తరగతిలో ఎవరి నోట ‘నక్కో’ వచ్చినా చెవి మెలిపెట్టేవారు. “ఇది ఉర్దూ కాదురా, బజారు మాట. లఖ్నవూ వాళ్లు వింటే నవ్విపోతారు” అనేవారు. ఆయన నీయత్ మంచిదే, మేం బాగుపడాలనే ఆయన తపన. కానీ పదేళ్ల పిల్లాడిగా నాకు అర్థం కానిది ఒకటుండేది. బళ్లో చెవి మెలిపెట్టించుకునే మాటకి స్టేజీ మీద చప్పట్లు ఎందుకు పడుతున్నాయి? ఎవరు కొట్టిస్తున్నారు?

జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. షాయిర్ల పేర్లు క్యాసెట్ల మీద ఉంటాయి. స్టేజీ కట్టిన వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ స్టేజీ కట్టిన ఒక నౌజవాన్ గురించి. ఆయన పేరు ముజ్తబా హుసేన్. లోకానికి ఆయన గొప్ప తన్జ్-ఓ-మిజాహ్ రచయితగా, పద్మశ్రీగా తెలుసు. ముప్పై ఏళ్ల వయసులో ఆయన ఒక ముంతజిమ్‌గా, అంటే దరీలు పరిపించి, ఉత్తరాలు రాసి, రైలు టికెట్లు ఏర్పాటు చేసే మనిషిగా చేసిన పని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

సర్‌పరస్త్‌లు పోయాక

మన డెల్టాలో ఒక కథ అందరికీ తెలుసు. గోల్కొండ ఆఖరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా (1672–1687) మచిలీపట్నం వైపు వచ్చినప్పుడు కూచిపూడి భాగవతుల ఆట చూశాడట. చూసి ముచ్చటపడి ఆ గ్రామాన్ని ఆ కుటుంబాలకు ఇనామ్‌గా రాసిచ్చాడట. కూచిపూడివాళ్లు ఆ మాట ఈ రోజుకీ అదబ్‌తో చెప్పుకుంటారు. బాద్‌షా ఒకసారి చెయ్యెత్తితే ఒక కళకి తరతరాల బువ్వ దొరికింది. దీన్నే సర్‌పరస్తీ అంటారు.

హైదరాబాద్‌లో ఉర్దూ అదబ్ కూడా చాలాకాలం ఈ నీడలోనే బతికింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పడానికి దారుల్ తర్జుమాలో పండితులు కూర్చుని వందల పుస్తకాలు అనువదించారు. ఖర్చంతా సర్కారుది.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆసఫ్‌జాహీ రాజ్యం ముగిసింది. జాన్, మాల్ పోగొట్టుకున్న కుటుంబాల సంగతి వేరే చెప్పాలి, అది ఈ వ్యాసంలో ఇమిడేది కాదు. అదబ్ సంగతి మాత్రం చెప్తాను. ఉస్మానియాలో బోధన ఉర్దూ నుంచి ఇంగ్లిష్‌కి మారింది. దఫ్తర్లలో ఉర్దూ పోయింది. నౌకరీ తెచ్చిపెట్టని జబాన్ అయింది. జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్ల దివాన్‌ఖానాల్లో జరిగే మహ్‌ఫిళ్లు ఆగిపోయాయి. షాయిర్‌కి లిఫాఫా ఇచ్చే చెయ్యి లేకుండా పోయింది.

నవాబు పోయాక జల్సా ఎవరు జరపాలి? ఆ తరం ముందున్న సవాల్ అదే. దానికి జవాబు అప్పటికే ఒకాయన చూపించి ఉన్నారు.

డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ లండన్‌లో డాక్టరేట్ చేశారు, ప్యారిస్‌లో ధ్వనిశాస్త్రం చదివారు. 1930లో హిందుస్తానీ ఉచ్చారణ మీద పుస్తకం అచ్చేశారు. యూరప్ నుంచి తిరిగొచ్చిన కొద్ది కాలానికే, ముప్పై ఏళ్లు నిండకముందే, ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ స్థాపించారు. 1938లో ‘సబ్‌రస్’ అనే పత్రిక పెట్టారు. ఆ పేరు 1635లో ముల్లా వజ్హీ రాసిన దక్కనీ వచన గ్రంథానిది. 1940లో ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షా కుల్లియాత్‌ని సరిచూసి ప్రచురించారు. తర్వాత కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఖులీ కుతుబ్‌షా జయంతి ఉత్సవాలు మొదలుపెట్టారు.

జోర్ సాహెబ్ కిస్మత్ బాగుండి ఆయన కాలంలో సర్‌పరస్త్‌లు ఇంకా ఉన్నారు. కానీ ఆయన అసలు ఆస్తి సర్‌పరస్త్ కాదు, తంజీమ్. ఒక కమిటీ, ఒక రిజిస్టర్, ఒక పత్రిక, ఏడాదికి ఒక తేదీ. ఇవి ఉంటే బాద్‌షా పోయినా పని ఆగదని ఆయన పని చెప్పకనే చెప్పింది.

ఇంకొకటి కూడా చెప్పింది. నక్కో, బాతాఁ, లోగాఁ బజారు మాటలు కావు. ఉత్తరాదిలో ఉర్దూ షాయిరీ ఊపందుకోక ముందే ఈ జబాన్‌లో మస్నవీలు, మర్సియాలు, గజళ్లు పుట్టాయి. ఖులీ కుతుబ్‌షా బహువచనాలు మా అమ్మీ బహువచనాలే. మా ఉస్తాద్‌గారికి ఈ మాట చెప్పే అవకాశం నాకు దొరకలేదు. అల్లాహ్ ఆయన్ని మగ్‌ఫిరత్ చేయుగాక.

ముగ్గురు అన్నదమ్ములు

ముజ్తబా హుసేన్ 1936లో గుల్బర్గాలో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యంలో భాగం. పోలీస్ యాక్షన్ నాటికి ఆయనకి పన్నెండేళ్లు.

ఆయన ఇద్దరు అన్నలూ కలం పట్టినవాళ్లే. ఒకరు ఇబ్రాహీం జలీస్, పేరున్న కథకుడు. 1948 తర్వాత పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఆ వలసని ‘దో ముల్క్ ఏక్ కహానీ’ అనే పుస్తకంగా రాశారు. 1977లో కరాచీలో వఫాత్ అయ్యారు. ఇంకొకరు మహబూబ్ హుసేన్ జిగర్. ఆయన ఇక్కడే ఉండిపోయారు. ఆబిద్ అలీ ఖాన్‌తో కలిసి 1949 ఆగస్ట్ 15న ‘సియాసత్’ దినపత్రిక మొదలుపెట్టారు.

ఆ తేదీ గురించి ఒక్కసారి ఆలోచించండి. పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది కూడా కాలేదు. ముస్లిం ఇళ్లలో భయం ఇంకా పోలేదు. రేపు ఏమవుతుందో తెలియదు. అన్నదమ్ముల్లో ఒకరు సరిహద్దు దాటారు. ఇంకొకరు ఆజాదీ రోజునే ఒక ఉర్దూ అఖ్బార్ తెరిచి, మేం ఇక్కడే ఉంటాం, ఈ ముల్క్ సంగతులు మా జబాన్‌లో రాస్తాం అన్నారు. ముజ్తబా ఈ ఇద్దరి తమ్ముడు. 1956లో ఉస్మానియాలో డిగ్రీ పూర్తి చేసి, అన్న దగ్గరే సియాసత్‌లో చేరారు.

సియాసత్‌లో ‘షీషా-ఓ-తేషా’ అనే వ్యంగ్య కాలమ్ ఉండేది. షీషా అంటే అద్దం, తేషా అంటే రాళ్లు కొట్టే గొడ్డలి. దాన్ని షాయిర్ షాహిద్ సిద్దీఖీ రాసేవారు. 1962లో ఆయన హఠాత్తుగా ఇంతెఖాల్ అయ్యారు. కాలమ్ ఖాళీ అయింది. జిగర్ సాహెబ్ తమ్ముణ్ణి పిలిచి, రేపటి నుంచి నువ్వు రాయి అన్నారు. హాస్యం తన షౌక్ కాదని, అన్నగారి హుకుం అని ముజ్తబా సాహెబ్ తర్వాత చాలాసార్లు నవ్వుతూ చెప్పుకున్నారు. ఇరవై ఆరేళ్ల వయసులో ఒక మనిషి చావు వల్ల ఖాళీ అయిన కుర్చీలో కూర్చుని, రోజూ ఊరిని నవ్వించడం ఆయన నౌకరీ అయింది.

ఆ 1962 విచిత్రమైన ఏడాది. అదే ఏడాది జోర్ సాహెబ్ శ్రీనగర్‌లో కన్నుమూశారు. అదే ఏడాది హైదరాబాద్‌లో హాస్యప్రియులు కొందరు కలిసి ‘జిందాదిలాన్-ఎ-హైదరాబాద్’ అనే అంజుమన్ పెట్టుకున్నారు. జిందాదిల్ అంటే గుండె బతికి ఉన్నవాడు. పద్నాలుగేళ్ల కిందట సర్వం పోయిందనుకున్న షహర్‌లో ఆ పేరు పెట్టుకోవడానికి హిమ్మత్ కావాలి.

1966

నాలుగేళ్ల తర్వాత, 1966లో, ఈ అంజుమన్ హైదరాబాద్‌లో అఖిల భారత ఉర్దూ హాస్య రచయితల మహాసభ జరిపింది. అలాంటి సభ దేశంలో అదే మొదటిది. దాన్ని నడిపించిన నౌజవాన్ ముజ్తబా హుసేన్. వయసు ముప్పై.

ఆ సమయం ఎలాంటిదో చూడండి. 1965లో ఇండియా, పాకిస్తాన్ జంగ్ జరిగింది. 1966 జనవరిలో తాష్కెంట్ ఒప్పందం అయింది, ఆ రాత్రే లాల్ బహదూర్ శాస్త్రి పోయారు. దేశంలో కరువు, రేషన్ క్యూలు, ఓడల్లో వచ్చే అమెరికా గోధుమ. ఉర్దూ అంటే పాకిస్తాన్ జబాన్ అనే షక్ జనంలో బలంగా ఉంది. ఒక కొడుకు కరాచీలో, ఒక కొడుకు హైదరాబాద్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. ముజ్తబా సాహెబ్ ఇల్లే అలాంటిది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ అధికార భాషల చట్టం వచ్చి తెలుగు అధికార భాష అయింది. అది న్యాయమే. కానీ ఉర్దూవాళ్లకి తమ చోటు ఎక్కడ అనే ఫికర్ సహజం.

అలాంటప్పుడు ఒక ముప్పై ఏళ్ల మనిషి షోక్ సభ పెట్టలేదు. ఎహ్‌తెజాజ్ జుల్సూ తీయలేదు. దేశంలో ఉర్దూలో నవ్వించేవాళ్లందర్నీ ఒక చోట చేర్చే పని పెట్టుకున్నాడు.

ఆనాటి ఉర్దూ హాస్యం మజ్‌హబ్ చూసి నడిచేది కాదు. ఢిల్లీలో ‘ప్యాజ్ కే ఛిల్కే’ కాలమ్ రాసే ఫిక్ర్ తౌన్‌స్వీ అసలు పేరు రామ్‌లాల్. ఆయన విభజనలో పంజాబ్ ఆ వైపు నుంచి వచ్చినవాడు. పంజాబ్‌లో కన్హయ్యాలాల్ కపూర్ రాసేవారు. బొంబాయిలో యూసుఫ్ నాజిమ్. మన హైదరాబాద్‌లోనే భరత్ చంద్ ఖన్నా అనే ఐఏఎస్ అధికారి ఉర్దూలో హాస్యం రాసేవారు, జిందాదిలాన్‌కి సదర్‌గా పనిచేశారు. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న నరేంద్ర లూథర్ కూడా ఐఏఎస్. హోషియార్‌పూర్‌లో పుట్టి, హైదరాబాద్‌ని సొంతం చేసుకుని, ఈ షహర్ చరిత్ర రాసినవారు. ఉర్దూ ముసల్మాన్ల జబాన్ మాత్రమే అనేవాళ్లకి ఆ స్టేజీయే జవాబు. జవాబు అని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎవరెవరు కూర్చున్నారో చూస్తే చాలు.

జిందాదిలాన్ జల్సాలకి ఒక పద్ధతి స్థిరపడింది. ఒకటి అదబీ ఇజ్లాస్. అందులో వచన రచయితలు తమ మజామీన్ చదువుతారు. ఇంకొకటి మహ్‌ఫిల్-ఎ-లతీఫాగోయీ. పుస్తకం రాయనివాళ్లు కూడా వచ్చి లతీఫాలు చెప్పొచ్చు. రాత్రి మిజాహియా ముషాయిరా. ఈ అమరికలో తెలివి ఉంది. చదువుకున్నవాడికి ఇజ్లాస్, మాటకారికి లతీఫాల మహ్‌ఫిల్, ఆటో తోలేవాడికీ దర్జీకీ ముషాయిరా. అందరూ ఒకే జల్సాకి వచ్చామనుకుంటారు.

ఆ ముషాయిరాల్లో దక్కనీకి తఖ్త్ దొరికింది. గుల్బర్గా వాటర్ వర్క్స్‌లో పనిచేసిన సులేమాన్ ఖతీబ్ అత్తాకోడళ్ల గొడవని దక్కనీలో చదివితే జనం నవ్వీ నవ్వీ చివరికి కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆయన ‘కేవ్డే కా బన్’ దక్కనీ షాయిరీలో పెద్ద పేరున్న పుస్తకం. హిమాయతుల్లా, గౌస్ ఖామఖా, మా క్యాసెట్లలో పదే పదే వినపడిన పేర్లు. తఖల్లుస్‌లు చూడండి: పాగల్ ఆదిలాబాదీ, గిల్లీ నల్గొండవీ. జిగర్ మురాదాబాదీ లాంటి పేర్ల వరసలో మన తెలుగు జిల్లాల పేర్లు కూర్చున్నాయి. నల్గొండ పేరు ఒక ఉర్దూ షాయిర్ పేరులో మోగడం విన్న రోజు నాకు బెజవాడ కూడా ఎక్కడో ఒక మఖ్తాలో పడుతుందనే ఆశ పుట్టింది.

పోస్టర్ పీకేశాక మిగిలేది

మంచి జల్సా చేయడం ఒక హునర్. జల్సా అయిపోయాక దాన్ని చెదిరిపోకుండా ఉంచడం ఇంకా పెద్ద హునర్.

1968లో ‘షుగూఫా’ అనే హాస్య మాసపత్రిక వచ్చింది. సంపాదకుడు డాక్టర్ సయ్యద్ ముస్తఫా కమాల్. ముఅజ్జంజాహీ మార్కెట్ దగ్గర బ్యాచిలర్స్ క్వార్టర్స్‌లో దాని దఫ్తర్. షుగూఫా అంటే మొగ్గ. ఆ మొగ్గ అర్ధశతాబ్దం దాటింది. ఉర్దూలో నవ్వు కోసమే పుట్టి ఇంతకాలం నిలిచిన పత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జల్సాలో చదివినవి పత్రికలోకి వచ్చేవి. పత్రిక చదివినవాళ్లు మళ్లీ జల్సాకి వచ్చేవాళ్లు. ఒకటి రెండోదాన్ని బతికించింది.

1972లో ముజ్తబా సాహెబ్ ఢిల్లీ వెళ్లారు. ఉర్దూ అభివృద్ధి కోసం కేంద్రం వేసిన గుజ్రాల్ కమిటీలో పని. తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ ప్రచురణ విభాగంలో నౌకరీ. 1980లో జపాన్ వెళ్లొచ్చి ‘జపాన్ చలో జపాన్ చలో’ అనే సఫర్‌నామా రాశారు. తాను చూసిన మనుషుల మీద ఖాకాలు రాశారు. రచయితగా ఆయన ఎదిగింది ఆ ఏళ్లలోనే.

ముంతజిమ్ వెళ్లిపోతే అంజుమన్ మూతపడటం మనం అలవాటుగా చూసేదే. జిందాదిలాన్ మూతపడలేదు. ఆయన అక్కడ నేర్పిన పనికి నా దృష్టిలో ఇదే అసలు సనద్. 1985లో, నరేంద్ర లూథర్ సదారత్‌లో, హైదరాబాద్ ప్రపంచ హాస్య మహాసభకి వేదికైంది. ముప్పై ఏళ్ల నౌజవాన్ ఒక దేశం కోసం పరిచిన దరీని పంతొమ్మిదేళ్ల తర్వాత దునియా కోసం పరిచారు.

దునియాలో అప్పటికి ఇలాంటివి ఎన్ని? బల్గేరియాలోని గాబ్రోవో ఊళ్లో 1972 ఏప్రిల్ 1న ‘హాస్య, వ్యంగ్య భవనం’ తెరిచారు, అక్కడ రెండేళ్లకొకసారి అంతర్జాతీయ ఉత్సవం జరుగుతుంది. దాని వెనక ఒక సర్కార్ ఉంది. 1976లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తలు నవ్వు మీద అంతర్జాతీయ సదస్సు పెట్టారు. వాళ్ల వెనక యూనివర్సిటీలు ఉన్నాయి. హైదరాబాద్ 1966 ఈ రెండింటికంటే ముందుది. దాని వెనక ఉన్నది నవ్వాలనుకున్న కొందరు మనుషులు, వాళ్లు నడిపిన ఒక అంజుమన్. నేను హైదరాబాదీని కాదు, బెజవాడవాణ్ణి. అయినా ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఫఖర్‌గా ఉంటుంది.

మా రసీదు బుక్కు

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు పట్టించుకున్నానో చెప్పాలి. ఇందులో నా తప్పు ఒకటి ఉంది.

డిగ్రీ పూర్తయిన ఏడాది నేనూ, నలుగురు దోస్తులూ భవానీపురంలో ఒక ముషాయిరా పెట్టాం. మా ఊరి పక్కనుంచే హైదరాబాద్ హైవే పోతుంది కదా, షాయిర్లు బస్సెక్కితే చాలు వచ్చేస్తారు అనుకున్నాం. పని మొదలుపెట్టాక తెలిసింది ముంతజిమ్ అంటే ఏమిటో.

రసీదు బుక్కు పట్టుకుని దుకాణాలు తిరిగాం. “మస్జిద్‌కైతే ఇస్తాం, మద్రసాకైతే ఇస్తాం. షాయిరీకి చందా ఏంటి బాబూ?” అన్నారు. వాళ్లది తప్పని అనను, వాళ్లని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. షామియానా వాడు అడ్వాన్సు అడిగాడు. మైక్ సెట్టు వాడు పెళ్లి ఉందని రేటు పెంచాడు. పర్మిషన్ కాగితం కోసం మూడు రోజులు తిరిగాం. ఉర్దూలో పోస్టర్ రాసే కాతిబ్ దొరక్క నేనే వంకరటింకరగా రాశాను. తెలుగులో కూడా వేద్దామని ఒక దోస్త్ అన్నాడు, ముషాయిరాకి తెలుగు పోస్టర్ ఏంటని మిగతావాళ్లం కొట్టిపారేశాం. హైదరాబాద్ నుంచి రావాల్సిన ఇద్దరు షాయిర్లు ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. రాత్రి పదకొండింటికి దిగారు. అప్పటిదాకా నేను మైకు పట్టుకుని, తెలిసిన లతీఫాలన్నీ అయిపోయాక, తెలియనివి కూడా చెప్పాను.

ఆడవాళ్లకి కూర్చునే చోటు పెట్టాలని మా ఐదుగురిలో ఒక్కడికీ తట్టలేదు. కుర్చీల్లో మగవాళ్లు సగం కూడా నిండలేదు. ఎదురు వీధి డాబాల మీద మాత్రం జాగా లేదు. అమ్మీలు, ఖాలాలు, ఆపాలు, చంకల్లో పిల్లలు. ఆ రాత్రి పెద్ద నవ్వు పైనుంచే వచ్చింది. షాయిర్లు తలలెత్తి డాబాల వైపు చూసి చదివారు. మా అమ్మీ కూడా అక్కడే ఉంది. ఈసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదని మా చెల్లి చెప్పింది.

లెక్క చూస్తే మూడు వేల చిల్లర నష్టం. ఒక దోస్త్ వాళ్ల అబ్బా కట్టారు. ఒక్క మాట అనలేదు. “వచ్చే ఏడు డాబాల మీద దరీలు వేయండిరా” అన్నారంతే.

వచ్చే ఏడు రాలేదు. నాకు పత్రికలో నౌకరీ దొరికి వేరే ఊరు పోయాను. ఇద్దరు గల్ఫ్ వెళ్లారు. ఒకడు మార్కెట్‌లో దుకాణం పెట్టుకున్నాడు. తెలుగు పోస్టర్ వేద్దామన్నవాడు ఇప్పుడు లేడు, అల్లాహ్ వాణ్ణి జన్నత్ నసీబ్ చేయుగాక. మేం చేసింది ఒక రాత్రి జల్సా. రిజిస్టర్ పెట్టలేదు, తేదీ పెట్టుకోలేదు, మా తర్వాత వచ్చే పిల్లల్లో ఒక్కడికి కూడా పని నేర్పలేదు. ముజ్తబా సాహెబ్‌కీ మాకూ తేడా టాలెంట్‌లో ఉందని చాలాకాలం అనుకున్నాను. టాలెంట్ తేడా ఎలాగూ ఉంది. కానీ అసలు తేడా, ఆయన వెళ్లిపోయినా పని నడిచింది, మేం వెళ్లిపోతే ఆగిపోయింది.

చెదల మల్లిక

ముజ్తబా సాహెబ్ రచనల్లో నాకు బాగా గుర్తుండేది ‘దీమకోఁ కీ మలికా సే ఏక్ ములాఖాత్’. చెదపురుగుల రాణితో ఇంటర్వ్యూ. లైబ్రరీలో ఉర్దూ పుస్తకాల దగ్గరికి మనుషులు రావడం మానేశారు, చెదలే మిగిలిన పాఠకులు. చదువుతూ ఎంత నవ్వుతామో, పుస్తకం మూశాక అంత గుబులు. మన ఇళ్లలో అటక మీద దాదాజాన్ పుస్తకాల మూట ఉంటే, దాన్ని ఆఖరిసారి ఎప్పుడు విప్పామో ఆలోచించుకోండి.

2007లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 2019 డిసెంబర్‌లో, పౌరసత్వ సవరణ చట్టం మీద దేశమంతా ఆందోళనలు జరుగుతున్నప్పుడు, ఆ పద్మశ్రీని వాపస్ ఇచ్చేస్తానని ప్రకటించారు. అప్పటికి ఆయన ఎనభై దాటారు. 1948 తర్వాత అన్న సరిహద్దు దాటిపోయినా ఇక్కడే ఉండిపోయి, ఈ ముల్క్‌ని దాదాపు అరవై ఏళ్లు నవ్వించిన మనిషి. ఆయన మాటని ఎవరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, ఆ దుఃఖం నకిలీ అని అనలేరు.

2020 మే 27న హైదరాబాద్‌లో వఫాత్ అయ్యారు. ఈద్ అయిన రెండో రోజు. అది లాక్‌డౌన్ కాలం, జనాజాలకి కూడా మనుషుల్ని లెక్కపెట్టి పంపించే రోజులు. జీవితమంతా మనుషుల్ని ఒకచోట చేర్చినవాడి ఆఖరి సఫర్ జనం గుమిగూడటానికి వీల్లేని రోజుల్లో జరిగింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

మన మాట

ఇప్పుడు బెజవాడ సంగతి. ఇది జల్సాల ఊరే. 1989 నుంచి ఇక్కడ పుస్తక మహోత్సవం జరుగుతోంది. 2007 నుంచి ప్రపంచ తెలుగు రచయితల మహాసభలు ఇక్కడే జరిగాయి. బహుభాషా కవి సమ్మేళనాలకి దేశదేశాల కవులు వచ్చి వెళ్లారు. ఇవన్నీ మన ఊరి పనులే, మనం వెళ్లాలి. వెళ్లి దరీలు ఎలా పరుస్తారో చూడాలి. రిజిస్టర్ ఎలా రాస్తారో, కొత్త పిల్లలకి ఏ పని అప్పజెప్తారో నేర్చుకోవాలి. కృష్ణా జిల్లా రచయితల సంఘంవాళ్లు అంత పెద్ద సభ నడపగలిగితే, మన మొహల్లాలవాళ్లం ఏడాదికొక రాత్రి నడపలేమా?

2022లో మన రాష్ట్రంలో ఉర్దూ రెండో అధికార భాష అయింది. ఖుషీయే. కానీ చట్టం బోర్డు రాయిస్తుంది, మహ్‌ఫిల్ పెట్టదు. హైదరాబాద్‌కి ఒకప్పుడైనా నిజాం ఉండేవాడు. మన డెల్టాలో ఉర్దూకి తానాషా తర్వాత పెద్ద సర్‌పరస్త్ ఎవరూ లేరు. కాబట్టి పోయిన నవాబు కోసం ఏడ్చే పని కూడా మనకి లేదు. మన జల్సా మొదటినుంచీ నవాబు లేని జల్సాయే.

ఈ మధ్య మా మొహల్లా అమ్మాయి ఒకతె వచ్చింది. డిగ్రీ చదువుతోంది. కాలేజీలో తెలుగు కవిత్వం రాస్తుంది, ఇంట్లో నానీ దగ్గర దక్కనీ పాటలు నేర్చుకుంది. “చాచా, ఒకే స్టేజీ మీద రెండూ పెడదామనుకుంటున్నాం. మీరు ఒకసారి చేశారంట కదా, ఎలా చేశారు?” అని అడిగింది. నేను ఎలా చేశానో చెప్పకుండా, ఎలా చేయకూడదో గంటసేపు చెప్పాను. పోస్టర్ రెండు లిపుల్లో వేయమన్నాను. అమ్మీలకి ముందు వరస ఇవ్వమన్నాను. ఈ ఏడాది తేదీతోపాటే వచ్చే ఏడాది తేదీ కూడా ప్రకటించమన్నాను. నీ పని నేర్చుకునే ఇద్దరు చిన్నపిల్లల్ని పక్కన పెట్టుకోమన్నాను. ఆ అమ్మాయి అంతా ఫోన్‌లో టైప్ చేసుకుంది.

బీరువాలో వెతికితే మా పాత రసీదు బుక్కు దొరికింది. ముప్పై రెండు రసీదులు చింపి ఉన్నాయి, మిగతావి ఖాళీ. మా అంజుమన్ పేరు కొట్టేసి వాడుకోవచ్చా అని అడిగింది. వాడుకోమన్నాను.

రేపో ఎల్లుండో ఆ పిల్లలు మీ దుకాణానికి, మీ గుమ్మంలోకి వస్తారు. షాయిరీకి చందా ఏంటని అడిగే ముందు, మీ ఇంట్లో చివరిసారి అందరూ కలిసి మీ సొంత జబాన్‌లో నవ్వింది ఎప్పుడో గుర్తుచేసుకోండి. తర్వాత మీ ఇష్టం. వంద ఇచ్చినా ఫర్వాలేదు. ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఆ రాత్రి వచ్చి కూర్చోండి.

ఖుదా హాఫిజ్.